మూసే ఉందన్న కిటికీ

"ఒప్పుకున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి. "సంతకం ఒక్కటే తక్కువ. సాయంత్రం కోర్టులో ప్రవేశపెడతాం. పాపం, ఎండన పడి వచ్చారు. టీ తాగి వెళ్ళండి, అక్కా."

ఆ 'అక్కా' అన్న పిలుపుకే ఆరాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఇదే స్టేషన్లో, ఇదే బల్ల దగ్గర, కేసు రిపోర్టు ఎలా రాయాలో ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు ఇతను. ఆమె ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా ఆరా తీస్తుంది గనక అందరూ ఆరా అనే పిలవడం మొదలుపెట్టారు, అసలు పేరు ఆమె తలుపు మీద బోర్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. ఉద్యోగం వదలడానికి కారణం కూడా ఆ ముక్కే.

"మా తమ్ముడు అలాంటివాడు కాదు సార్," అంది ఆరా వెనక నిలబడ్డ ఆవిడ. బట్టలు కుట్టి తమ్ముణ్ణి పెంచిన మనిషి. మెడలో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది.

"ఏ అక్కనడిగినా అదే మాటమ్మా. మరి ఈ దొంగలందరూ ఎవరి తమ్ముళ్ళు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

అతని లెక్క చాలా సుళువుగా ఉంది. టైల్స్ షోరూమ్ యజమాని ఒకాయన ఈమధ్యే తన ఇంటి బయటి తలుపులకూ ప్రతి కిటికీకీ సెన్సర్లు పెట్టించాడు. ఒక ముక్క ఫ్రేముకు అంటిస్తారు, అయస్కాంతం ఉన్న రెండో ముక్క రెక్కకు అంటిస్తారు. రెక్క తెరిస్తే అయస్కాంతం దూరమవుతుంది, ఫ్రేము మీది ముక్క ఆ సంగతి కనిపెట్టి వెంటనే యజమాని ఫోనుకు కబురు పెడుతుంది. మొన్న మధ్యాహ్నం ఆయన షోరూమ్‌లో ఉన్నాడు. ఫోను కిమ్మనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వెనక గది కిటికీ బార్లా తెరిచి ఉంది, భార్య లేదు, ఆమె నగలు లేవు. అప్పుడు కూడా ఫోనులో ఆ కిటికీ మూసే ఉందని కనిపించింది. సెన్సర్‌ను మోసం చెయ్యడం దాన్ని బిగించినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ముఠాను పిలిచాడు, ఆమెను ఎత్తుకుపోయారు, ఇవాళో రేపో డబ్బు కోసం ఫోనొస్తుంది. నిన్న పొద్దున్నే ఆ సెన్సర్లు బిగించిన ఫిట్టర్‌ను, అంటే ఈవిడ తమ్ముణ్ణి, ఇంటి దగ్గర పట్టుకొచ్చి లోపలేశారు.

"వాడితో మాట్లాడాలి," అంది ఆరా.

"తప్పకుండా. వాడు నాతోనే మాట్లాడ్డం లేదు, మీతో మాట్లాడితే నాక్కూడా చెప్పండి."

"ఇప్పుడేగా ఒప్పుకున్నాడన్నావు?"

ఇన్‌స్పెక్టర్ నీళ్ళు నమిలాడు. "కాదనలేదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టేగా."

ఫిట్టర్ లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ లోపే ఉంటాయి. కింది పెదవి చిట్లింది, ఎడమ చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది.

"ఎవరు కొట్టారు?"

"జారిపడ్డాను మేడమ్."

"ఎక్కడ జారావు, గోడ మీదా?" ఆరా ఊచలు పట్టుకుని కిందికి కూర్చుంది. "మీ అక్క పంపితే వచ్చాను. ఆ వెనక గది కిటికీకి సెన్సర్ ఎలా బిగించావో చెప్పు."

"ఎలా బిగించాలో అలాగే. ఫ్రేము స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, రెండు వైపులా అంటుకునే టేపు వేసి. రెండు ముక్కలకీ మధ్య వేలు కూడా దూరదు. ఆయన ఎదురుగానే తెరిచీ మూసీ చూపించాను."

"మరి తెరిచిన కిటికీని మూసుందని ఎందుకంది?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

"ముఠాకి సాయం చేశావా?"

"చేశాననే రాసుకున్నారుగా."

"వాళ్ళు రాసుకున్నది నాకెందుకు? నేను నిన్నడుగుతున్నా."

బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆరా అడిగింది, గదమాయించింది, వాళ్ళక్క పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని చెప్పి చూసింది. ఆ మాటకు మాత్రం అతను తలెత్తాడు.

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ కేసు వదిలెయ్యండి. అక్కని ఇంటికి తీసుకెళ్ళండి. రేపు మధ్యాహ్నం దాకా నన్ను ఇక్కడే ఉండనివ్వండి, చాలు."

"రేపు మధ్యాహ్నం ఏమిటి?"

అతను ఉలిక్కిపడి నాలుక కరుచుకున్నాడు. "ఏం లేదు. ఊరికే అన్నాను."

లోపలున్నవాళ్ళు బయటికి పంపమని ఏడవడం ఆరా చాలా చూసింది. లోపలే ఉంచమని బతిమాలేవాణ్ణి ఇదే చూడడం. ఆ మాట దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగి ఉండవలసింది. ఆగలేదు. చిట్లిన పెదవి కళ్ళ ముందు కనిపిస్తుంటే, దాన్ని చిట్లించిన చెయ్యి పక్కగదిలో టీ కప్పు పట్టుకుని ఉంటే, ఆమెకు ఆగడం చేతకాదు.

*

ఆ ఇంటికి ఇన్‌స్పెక్టరే తన జీపులో తీసుకెళ్ళాడు. ఆమె ఓడిపోతుంటే దగ్గరుండి చూడాలని అతని సరదా.

తలుపు తీసినాయన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో రుమాలుతో, కళ్ళు ఎర్రగా చేసుకుని ఉన్నాడు. నేల షోరూమ్‌లో లాగే మెరుస్తోంది. హాల్లో ఒక్క వస్తువు కూడా తన చోటు తప్పి లేదు.

"నా జాగ్రత్తలో లోపం లేదండీ," అన్నాడాయన రుమాలు కళ్ళకద్దుకుంటూ. "రోజూ సాయంత్రం ప్రతి కిటికీ నా చేత్తో తెరిచి, ఫోన్లో పడుతోందో లేదో చూసుకుంటాను. ముందురోజు సాయంత్రం కూడా చూశాను. ఆ కిటికీ బాగానే చెప్పింది. అంత చేసినా నా కర్మ..."

"ఫిట్టర్ మళ్ళీ ఎప్పుడైనా వచ్చాడా?"

"పనయిపోయాక ఈ గుమ్మం తొక్కలేదు. నేను లేకుండా ఇంట్లోకి ఎవర్నీ రానివ్వను."

ఆరా వెనక గదికి నడిచింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ తలుపుకు కూడా సెన్సర్ ఉంది. ఇంటి లోపలి తలుపుల్లో ఇంక దేనికీ లేదు, ఈ ఒక్క దానికే ఉంది, అదీ వరండా వైపు. దాని పక్కనే, అదే వైపు, కొత్త ఇత్తడి గడియ. లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే పాత గడియ పీకేసిన చోట లప్పం పూసి, పైన రంగు వేసి ఉంది.

"పడగ్గదికి బయట గడియేమిటండీ?"

"తనకి నిద్రలో నడిచే అలవాటు."

"మరి లోపలిది పీకేశారెందుకు?"

"అదే... నిద్రలో లోపల గడియ పెట్టేసుకుంటుందని."

"నిద్రలో నడిచే మనిషి లోపల గడియ పెట్టుకుంటే మంచిదేగా, ఎక్కడికీ పోదు?"

ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చాడు. "పెళ్ళాం పోయి ఏడుస్తున్న మనిషిని పట్టుకుని ఏమిటండీ ఇది? మీరిక్కడికి చూడ్డానికొచ్చారు, విచారించడానికి కాదు."

"చూస్తూనే ఉన్నా," అంది ఆరా పళ్ళ బిగువున.

కిటికీ పెద్దది, నడుమెత్తులో ఉంది, అవతల చిన్న సందు. ఊచల్లేవు. ఊచలెందుకు పెట్టించలేదని అడిగితే, జైల్లా ఉంటుందని పెట్టించలేదన్నాడు ఇంటాయన. ఆరాకు ఆ మాటతో అంతా అర్థమైంది. ఊచలు బిగిస్తే సందులో వెళ్ళేవాడు తలెత్తి చూస్తాడు, పక్కింటివాళ్ళు ఎందుకని అడుగుతారు. సెన్సర్లు పెట్టిస్తే అందరూ జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు. లోపలున్న మనిషి కిటికీ ముట్టుకుంటే షోరూమ్‌లో ఫోను మోగుతుంది. ఇవి దొంగల కోసం పెట్టినవి కానే కావు.

"ఇదిగో, మీ మహానుభావుడి పనితనం," అంటూ ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆమె కళ్ళ ముందు ఆడించాడు. "కిటికీ ఫ్రేము మీద సెన్సర్‌ని ఆనుకుని అంటించి ఉంది. అదనపు మాగ్నెట్. ఇది పక్కనే ఉంటే రెక్క తెరిచినా సెన్సర్‌కి తెలీదు, ఇంకా మూసే ఉందనుకుంటుంది. వాడి సంచీ నిండా మాగ్నెట్లే. ముఠాకి ఒకటి ఇచ్చి పంపాడు. ఇంకేం కావాలి మీకు?"

ఆరా కవరు అందుకుంది. చూపుడువేలంత గోధుమరంగు ప్లాస్టిక్ ముక్క, మధ్యలో నల్లటి అయస్కాంతం, రెండు చివర్లా స్క్రూ బెజ్జాలు. ఫిట్టర్ సంచీలో సామాను ఆమె స్టేషన్లో చూసే వచ్చింది. అన్నీ తెల్లవి, బెజ్జాల్లేనివి, వెనక టేపుతో వచ్చేవి. దీని వెనక టేపు లేదు, గాయాలకు వేసే ప్లాస్టర్ పట్టీ వేలాడుతోంది.

వెనకనుంచి ఏదో ఆమె భుజానికి తగిలింది. గోడ అల్మరా తలుపు. చేత్తో నెట్టి మూసింది. అది మెల్లగా మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూసింది, మళ్ళీ తెరుచుకుంది. తల లోపలికి పెట్టి పై అర కింద చూసింది. రెండు స్క్రూ బెజ్జాలు, చుట్టూ చెక్క తెల్లగా గీసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్ దొరకని చెయ్యి చెంచా కొసతోనో, క్లిప్పుతోనో గంటలకొద్దీ తిప్పితే అయ్యే గీతలు అవి.

కింద సొరుగు లాగింది. ప్లాస్టర్ పట్టీల డబ్బాలు. ఒకటి కాదు, రెండు కాదు. ఖాళీ అయినవి అడుగున, సగం వాడినవి పైన. దూది. నొప్పులకు రాసే మందు ట్యూబు, చివరిదాకా నొక్కి, చుట్ట చుట్టి ఉంది. వంటింట్లో కాదు, స్నానాల గదిలో కాదు, పడగ్గది సొరుగులో.

"మీ ఆవిడ ఇన్ని దెబ్బలు ఎక్కడ తగిలించుకునేదండీ?" అంది.

"చెప్పానుగా, నిద్రలో..."

"చాలు పదండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వాడు ఒప్పుకున్న కేసిది. ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా మీకీ పిచ్చి పోలేదు. పెద్దవారయ్యారు, ఇంటిపట్టున కూర్చుని మనవల్ని ఆడించుకోవచ్చుగా."

ఆరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇటు చూడు," అని ముక్కను కవరులో ఉండగానే అల్మరా పై అర కింద పెట్టి నొక్కింది. రెండు బెజ్జాల మీద రెండు బెజ్జాలూ సరిగ్గా కూర్చున్నాయి. అల్మరా తలుపు తోసింది. తలుపుకున్న ఇనుప బిళ్ళ కవరు మీదనుంచే వచ్చి టక్కున అతుక్కుంది. ఈసారి తెరుచుకోలేదు. "ఇది ఫిట్టర్ సంచీలోది కాదు. ఈ అల్మరాది. ఈ గదిలోది. దాన్ని అంటించిన పట్టీ ఈ సొరుగులోది. ముఠాకి ఈ గదిలోకొచ్చి, తీరిగ్గా స్క్రూలు విప్పుకుని, పట్టీ చించుకుని, తర్వాత బయటికెళ్ళి మళ్ళీ కిటికీలోంచి రావాల్సిన ఖర్మేమిటయ్యా?"

"ఫిట్టరే ముందుగా..."

"ముందుగా పెట్టుంటే ఈయన ముందురోజు సాయంత్రం తెరిచి చూసినప్పుడు కిటికీ ఎలా చెప్పింది? బాగానే చెప్పిందని ఇప్పుడేగా విన్నావు? ఆ తర్వాతే పెట్టారు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి." ఇన్‌స్పెక్టర్ వైపు నుంచి ఇంటాయన వైపు తిరిగింది. ఆయన ముఖాన కొట్టినట్టు చెప్పాలని ఉంది, అలాగే చెప్పింది. "మీ ఆవిణ్ణి ఎవరూ ఎత్తుకుపోలేదండీ. బయట గడియ పెట్టి, కిటికీకి కాపలా పెట్టి, ఒళ్ళంతా పట్టీలు వేయించిన మొగుడి దగ్గర్నుంచి తనే పారిపోయింది. మీ కాపలాకే కళ్ళు కప్పి పారిపోయింది!"

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడిపోయింది. ఆరాకు ఎన్నాళ్ళుగానో ఆకలిగా ఉన్న కడుపు నిండినట్టయింది.

ఇంటాయన ఏడుపు ఆపేశాడు. రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఏ మాగ్నెట్టయినా సరిపోతుందన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "తనకి బల్బు మార్చడం కూడా తెలీదు. ఈ సంగతి తనకి ఎవరో చెప్పుండాలి."

ఆయన వంగి పట్టీల సొరుగు మూశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నా కంప్లైంటు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఫిట్టర్ని వదిలెయ్యండి. ఇది మా ఇంటి విషయం, నేను చూసుకుంటాను." ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన కాగితం మీద అక్కడే నిలబడి సంతకం చేశాడు. వాళ్ళను గుమ్మం దాకా సాగనంపి, తలుపు తాళం వేసి, కారెక్కి వెళ్ళిపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడని అనుకుంది ఆరా.

*

స్టేషన్ మెట్ల మీద అక్క తమ్ముణ్ణి పట్టుకుని బావురుమంది. తర్వాత వీపు మీద ఒకటి చరిచింది. "నోరు లేదుట్రా నీకు? నేను కాదని ఒక్క మాట అంటే ఏం పోయేది? ఈవిడ లేకపోతే నీ గతేమిటి?"

ఫిట్టర్ అక్క మాట వినడం లేదు. ఆరా వైపే చూస్తున్నాడు. "ఎలా వదిలారు మేడమ్? ఏం చెప్పారు వాళ్ళకి?"

ఆరా చెప్పింది. అల్మరా, బెజ్జాలు, పట్టీ, అన్నీ వరసగా. కాస్త గర్వంగానే చెప్పింది. చెబుతుంటే అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఇదంతా ఆయన ఎదురుగా చెప్పారా?"

"ఎదురుగానే. ముఖం మీదే."

"ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని!" స్టేషన్ మొత్తం తిరిగి చూసేలా అరిచాడు. "ఇన్ని దెబ్బలు నేనెందుకు తిన్నాననుకున్నారు? సరదాకా? వాళ్ళు దొంగల కోసం వెతుకుతున్నంతసేపూ ఆవిడ కోసం వెతికేవాడు లేడు! ఆవిడ పారిపోయిందని ఆయనకి తెలీకూడదు, అదొక్కటే, అదొక్కటే కావాల్సింది. రేపు మధ్యాహ్నానికి వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్ళిపోతాడు. ఒక్క రోజు! ఒక్క రోజు నన్ను లోపల ఉంచలేకపోయారా?"

అక్క కొలత టేపును రెండు చేతుల్తో బిగించి పట్టుకుని నిలబడిపోయింది.

"సెన్సర్ బిగిస్తుంటే తలుపు చాటునుంచి అడిగింది మేడమ్. అన్నా, ఇది దేన్ని చూసి మూసుందనుకుంటుంది అని. మాగ్నెట్‌ని చూసి, ఏ మాగ్నెట్టయినా దానికి ఒకటే అన్నాను. ఆవిడ చెయ్యి చూశాను. ఇంక మా ఇద్దరికీ మాటలు అక్కర్లేకపోయింది. ఆయన హాల్లోనే కూర్చున్నాడు."

"ఎక్కడుందిప్పుడు?" అంది ఆరా.

అతను గొంతు తగ్గించాడు. "కొత్తగా కడుతున్న ఇల్లు. ఇంకా ఎవరూ దిగలేదు. సెన్సర్ల పని సగంలో ఉందక్కడ. నా చేతిలో ఉన్న తాళం అదొక్కటే మేడమ్, ఇంకెక్కడ పెట్టను?"

"ఆయనకి ఆ ఇల్లు తెలుసా?"

"ఆ పని నాకిప్పించిందే ఆయన. అక్కడి నేలంతా ఆయన టైల్సే. ఇంటివాళ్ళని అడిగితే ఇంకో తాళం ఆయనకి ఇచ్చేస్తారు."

ఈ సంగతి తనకి ఎవరో చెప్పుండాలి. ఆ మాట అన్నప్పుడు ఆ మనిషి గొంతు ఎంత నెమ్మదిగా ఉందో ఆరాకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఫిట్టర్‌ను వదిలెయ్యమన్నది జాలితో కాదు, ఫిట్టర్‌తో ఇంక పనిలేక. ఆమె లోపలికి ఒక్క ఉరుకు ఉరికింది.

"జీపు తియ్యి! ఆయన ఆమెను చంపేస్తాడు!"

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. "ఏ జీపు? ఎవర్ని చంపుతాడు? ఆవిణ్ణి ఎవరూ ఎత్తుకుపోలేదని, తనే వెళ్ళిపోయిందని మీరేగా నాకు పాఠం చెప్పారు. పెళ్ళాన్ని మొగుడు వెతుక్కుంటే నేరమా? ఆయన కంప్లైంటు వెనక్కి తీసుకున్నాడు. నా దగ్గర కేసే లేదక్కా."

అవి ఆరా మాటలే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. ఆ బల్లను ఎత్తి అతని మీద వెయ్యాలన్నంత కోపం వచ్చింది, ఆ కోపంలో ముప్పాతిక భాగం తన మీదే. దాన్ని ఎక్కడో తొక్కిపెట్టి, "నీకు దణ్ణం పెడతాను," అంది. నిజంగానే రెండు చేతులూ జోడించింది. "నువ్వే గెలిచావు. నేనే తప్పు చేశాను. జీపు తియ్యి నాయనా."

ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడే కానిస్టేబుల్ ఫిట్టర్ సామాను తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంచీ, పర్సు, ఫోను. పనిపూర్తయి ఇల్లు అప్పగించేదాకా ఆ కొత్త ఇంటి సెన్సర్ల కబుర్లన్నీ బిగించేవాడి ఫోనుకే వస్తాయి. ఫిట్టర్ ఫోను అందుకుని ఆన్ చేశాడు. తెర వెలగడానికి ఒక యుగం పట్టింది.

ఫోను మోగింది.

'ముందు తలుపు: తెరుచుకుంది.'

"ఆవిడ తియ్యదు మేడమ్," అన్నాడు ఫిట్టర్ పీలగొంతుతో. "నేనొచ్చినా తియ్యొద్దని చెప్పాను. ఎవరొచ్చినా తియ్యదు."

ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట అనకుండా జీపు తాళాలు అందుకుని ముందు పరుగెత్తాడు. అందరూ ఎలా ఎక్కారో ఎవరికీ తెలీదు. జీపు గేటు దాటుతుండగా ఫిట్టర్ చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఆరా లాక్కుని చూసింది.

'ముందు తలుపు: మూసుకుంది.'